సిలికా రంధ్రాలకు పాలిమర్ పూత వేసే పద్ధతి

మా అమలాపురం గాలిలో తేమ ఎక్కువ. సిలికా డబ్బా మూత కాసేపు తీసి ఉంచితే చాలు, పొడి బరువెక్కుతుంది. అందుకే నేను ముందు రాత్రే 120 డిగ్రీల ఓవెన్‌లో పెట్టేస్తాను. పొద్దున డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూత పాత్రలో) చల్లార్చాకే తూస్తాను.

ప్రోటీన్లు వేరుచేయాలంటే 300 ఆంగ్‌స్ట్రామ్‌ల (30 నానోమీటర్ల) రంధ్రాలున్న సిలికా తీసుకోండి. 60 ఆంగ్‌స్ట్రామ్‌లదానితో ఒకసారి నా వారం కష్టం వృథా అయింది, శాఖలున్న పాలిమర్ రంధ్రాల నోళ్లే మూసేసింది.

పూతకు వాడే పాలిమర్, అంటే అమైన్లున్న పాలిఇథిలీనిమైన్‌ను మిథనాల్‌లో కరిగించి, సిలికా కలిపి, సీసాను మెల్లగా తిప్పుతూ ఉంచండి. అయస్కాంతపు కడ్డీ వద్దు, రేణువులు నలిగిపోయి కాలమ్ (సిలికా నింపే గొట్టం) పూడుకుపోతుంది. సిలికా ఆమ్ల గుణానికి అమైన్లు వాటంతటవే అతుక్కుంటాయి. తర్వాత ఎపాక్సీతో పాలిమర్ గొలుసుల మధ్య అడ్డబంధాలు వేస్తేనే పూత నిలుస్తుంది.

చివరగా నిన్‌హైడ్రిన్ పరీక్ష, అమైన్లు ఉంటే ఊదారంగు వస్తుంది. ఊదారంగు పొడి మీద రావాలి, కడిగిన మిథనాల్‌లో రాకూడదు. వస్తే అతుక్కోని పాలిమర్ ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడగండి.