కేబుల్ బిల్లు 412 నుంచి 243కి: మేం ఏం చేశామంటే

ఖమ్మంలో మాది టైలరింగ్ షాపు, వెనకే ఇల్లు. 2018లో నెలకు 200 ఇచ్చి కేబుల్ చూసేవాళ్లం. మొన్న సంక్రాంతి నెలలో కేబుల్ అబ్బాయి వచ్చి "412 అక్కా" అన్నాడు. కనెక్షన్ పీకేయమందామనుకున్నా గానీ మా అత్తయ్య మొహం చూసి ఆగిపోయా.

మీరూ తొందరపడి పీకించకండి. ముందు ఒక వారం ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో రాయండి. నేను కొలతల పుస్తకం చివరి పేజీలో రాశా. అత్తయ్యకు సాయంత్రం ఆరున్నర నుంచి పదింటిదాకా సీరియళ్లు, అవి మూడు ఛానెళ్లలో. మా ఆయనకు వార్తలు. మావాడు మ్యాచ్ ఉంటే తప్ప ఫోన్‌లోంచి తలెత్తడు. నాకు మధ్యాహ్నం పాత సినిమా ఉంటే చాలు, మిషన్ తొక్కుతూ వినడమే ఎక్కువ. లెక్క తీస్తే డబ్బు కట్టి చూడాల్సినవి నాలుగే. మా ప్యాక్‌లో రెండొందల పైచిలుకు ఉన్నాయి.

2019 నుంచి ట్రాయ్ (టీవీ, ఫోన్ సేవలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) నిబంధనల ప్రకారం బిల్లులో రెండు ముక్కలుంటాయి: కనెక్షన్‌కు కట్టే నెట్‌వర్క్ ఛార్జీ, డబ్బు కట్టి చూసే పే ఛానెళ్ల ధర. రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. 200 ఛానెళ్లదాకా నెట్‌వర్క్ ఛార్జీ 130 దాటకూడదని ఉండేది. 2024లో ఆ హద్దు ఎత్తేశారు, కాబట్టి మీ ఆపరేటర్ ఎంత వేస్తున్నాడో అడగాల్సిందే. మా ఆపరేటర్ ఇంకా 130 దగ్గరే ఉన్నాడు.

ప్యాక్ తీసేసి నాలుగు ఛానెళ్లూ విడిగా ఇమ్మంటే కేబుల్ అబ్బాయి "విడిగా అయితే ఎక్కువ పడుతుందక్కా" అన్నాడు. అక్కడే కాగితం తీశా. ఛానెల్‌కు 19 వేసుకున్నా నాలుగింటికి 76. నెట్‌వర్క్ ఛార్జీతో 206. జీఎస్టీ కలిపితే 243. ఇంక మాట్లాడలేదు. అలాగని అతను చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు. ఒకే కంపెనీ ఛానెళ్లు నాలుగైదు కావాలంటే ఆ కంపెనీ ప్యాకే చవక పడొచ్చు. రెండు రకాలుగానూ లెక్కేసి చూడండి.

వార్తలకు మా ఆయన ఇప్పుడు యూట్యూబ్ పెడతారు, తెలుగు వార్తా ఛానెళ్లు చాలావరకు అక్కడ లైవ్‌లో ఉచితమే. అయితే ఇంట్లో వైఫై ఉండాలి. ఫోన్ హాట్‌స్పాట్‌తో టీవీ నడిపితే రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ గంటో గంటన్నరో వస్తుంది, అంతే. సినిమాలు, సీరియళ్లు చూసే యాప్‌లు కొంటే ఒక్కటే కొనండి. మూడు కొన్న మా ఆడపడుచు ఇప్పుడు కేబుల్ బిల్లే నయం అంటోంది.

ఊళ్లో మా తమ్ముడు డీడీ ఫ్రీ డిష్ (దూరదర్శన్ వాళ్ల ఉచిత డిష్ టీవీ) పెట్టించాడు. గొడుగు, బాక్స్, బిగింపు కలిపి 1,800 అయింది, నెలనెలా కట్టేదేమీ లేదు. దూరదర్శన్ తెలుగు ఛానెళ్లు యాదగిరి, సప్తగిరి వస్తాయి. గొడుగు ఆగ్నేయం వైపు, ఆకాశం బాగా కనబడేలా ఉండాలి. వాళ్ల పెరట్లో ఆ మూలే వేపచెట్టు, అందుకే డాబా మీద బిగించారు. 2007 నాటి చట్టం వల్ల ఇండియా ఆడే ముఖ్యమైన క్రికెట్ మ్యాచ్‌లు కొన్ని అందులో ఉచితంగా వస్తాయి. ఐపీఎల్ దాని కిందికి రాదు. అత్తయ్య అడిగే సీరియల్ ఛానెళ్లు అందులో రాలేదు, అందుకే మేం కేబుల్ ఉంచుకున్నాం.

ఇంకో మాట. ప్యాక్ తీయించాక రిమోట్‌లో పైకీ కిందికీ నొక్కితే మధ్యలో కట్టని ఛానెళ్లు నల్లగా వచ్చి పెద్దవాళ్లు కంగారు పడతారు. బాక్స్ సెట్టింగ్స్‌లో ఫేవరెట్ జాబితా చేసి పెట్టండి. అత్తయ్య జాబితాలో తన మూడే ఉంచమన్నారు. నా సినిమా ఛానెల్ కూడా తీసేయించారు.