సైలెన్సర్ మార్చేది అరగంట, ప్యాకింగ్ కూర్చోబెట్టేది గంట

ముందే చెప్తున్నా, సైలెన్సర్ మారిస్తే బండి ఎగరదు. వెనక డబ్బా ఒక్కటే మారిస్తే బరువు కొంత తగ్గుద్ది, చప్పుడు పెరుగుద్ది. పవర్ తేడా మాత్రం నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి పోయొచ్చినా తెలవదు. లోపల జాలీ (చప్పుడు ఆపే అడ్డు) లేని ఖాళీ పైపు పెడితే ఇంకా నష్టం. కింది ఆర్పీఎంలో లాగుడు పడిపోయి, ఇద్దరెక్కితే చిన్న ఎత్తుకే గేరు దించాలి.

కావాల్సినవి పానాలు, కొత్త ప్యాకింగ్ (పైపు ఇంజన్‌కు కలిసే చోట గాలి కారకుండా పెట్టే రింగు), తుప్పు స్ప్రే, వైర్ బ్రష్. బండి చల్లారనియ్యండి. ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) ఉంటే దాని వైరు సాకెట్ తీసి, క్లాంపులు ఇప్పండి. ఇదంతా ఎవరైనా చేస్తారు.

అసలు పని బెండ్ పైపు (ఇంజన్ నుంచి వంగి వచ్చే ముందు పైపు) ఇంజన్ హెడ్‌కు కలిసే చోట ఉంది. అక్కడి నట్లకు ముందు రాత్రే స్ప్రే కొట్టండి. నట్టు ఎక్కే స్టడ్ (హెడ్‌లో నాటిన మరచీల) ఉక్కు, హెడ్ అల్యూమినియం. తుప్పు మీద బలం పెడితే స్టడ్ మధ్యకు విరుగుద్ది. నా మొదటి బండికి అట్లనే విరిగింది, హెడ్ విప్పి లేత్ షాపుకు మోసుకుపోయిన.

పాత ప్యాకింగ్ నల్లగా మాడి లోపలే అతుక్కొని ఉంటది. చాలామంది చూడకుండా దాని మీదే కొత్తది పెడతారు. టార్చి వేసి చూసి, మెల్లగా గీకి తీయండి. కొత్తది ఒక్కసారే నలిగేది, తీసినది మళ్లీ పెట్టొద్దు. జారకుండా చిటికెడు గ్రీజు రాయండి. రెండు నట్లూ ముందు చేత్తో తిప్పి, తర్వాత ఒకదానికి అర చుట్టు, రెండోదానికి అర చుట్టు బిగించండి. ఫ్లాంజికి (పైపు మూతి దగ్గర నట్లు పట్టే పట్టీ) రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి. సైలెన్సర్‌ను బండికి పట్టే వెనక హ్యాంగర్ బోల్టు చివర్లోనే. ముందే బిగిస్తే పైపు వంకరగా కూర్చుంటది.

ఇంత చాదస్తం ఎందుకంటే, ప్యాకింగ్ సరిగ్గా కూర్చోకపోతే ఆ జాయింటులోంచి బయటి గాలి లోపలికి లాగుద్ది. సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు తక్కువైందనుకుంటది, ఈసీయూ (బండి కంప్యూటర్) ఇంకా పోస్తది. మైలేజ్ పడిపోద్ది, యాక్సిలరేటర్ వదిలితే పట్‌పట్‌మంటది. తిట్లు మాత్రం సైలెన్సర్‌కు. స్టార్ట్ చేసి, పైపు ఇంకా చల్లగా ఉండగానే జాయింటు మీద సబ్బు నీళ్లు చల్లండి. బుడగ లేస్తే మళ్లీ విప్పాలి.

కార్బురేటర్ బండికి మిశ్రమం పలచనైతే (గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే) మెయిన్ జెట్, అంటే పెట్రోలు వచ్చే రంధ్రం, ఒక సైజు పెంచాలి. బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండిలో సెన్సర్ దిద్దేది మామూలు వేగంలోనే. ఫుల్ థ్రాటిల్‌లో మ్యాప్ (ఎంత పెట్రోలు పోయాలో ఈసీయూలో ముందే రాసిన పట్టిక) చెప్పిందే నడుస్తది. అందుకే మొత్తం పైపు మార్చినోళ్లకు రీమ్యాప్ (ఆ పట్టిక మార్చడం) తప్పదు. డీబీ కిల్లర్ (సైలెన్సర్‌లో చప్పుడు తగ్గించే గొట్టం) పీకేటోళ్లకు నేను బిగించను. చప్పుడుకు మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

నూరు కిలోమీటర్లు తిరిగినాక, చల్లారిన బండి మీద ఆ రెండు నట్లూ మళ్లీ చూడండి. పావు చుట్టు ఎక్కుతయి.