చీకటి పడగానే దానంతట అదే వెలిగే బాల్కనీ లైటు

బాల్కనీ లైటుకు టైమరు పెడితే రెండు నెలలు బాగానే ఉంటుంది, ఆ తర్వాత వేళ తప్పుతుంది. బెంగళూరులో నవంబరు చివర సుమారు 5:50కే పొద్దు గుంకుతుంది, జూలైలో 6:50 దాకా ఉంటుంది. వానాకాలంలో అయితే నాలుగింటికే మబ్బు కమ్మి తులసికోట దగ్గర మసకబారిపోతుంది. వెలుతురును చూసి పనిచేసే సర్క్యూటుకు గడియారంతో పనిలేదు.

ఇలాంటి సర్క్యూట్ బొమ్మలు బోలెడు దొరుకుతాయి. బొమ్మలో ఉన్నట్టే కట్టినా చాలామందికి పగలే వెలుగుతుంది, లేదా రాత్రి ఎనిమిదైనా వెలగదు. సోల్డరింగ్‌లో తప్పు ఉందేమోనని మళ్ళీ మళ్ళీ విప్పి అతికిస్తారు. నిజానికి ఆ బొమ్మలోని రెసిస్టరు (కరెంటును అడ్డగించే భాగం) వేరే ఎవరి ఇంటి వెలుతురుకో సరిపోయినది. అందుకే ముందు మీ బాల్కనీలో కొలత తీసుకోండి, కట్టడం ఆ తర్వాత.

ఎల్‌డీఆర్ ఎలా పనిచేస్తుంది

ఎల్‌డీఆర్ అంటే వెలుతురును బట్టి రెసిస్టెన్స్ (కరెంటుకు అడ్డు) మారే చిన్న భాగం. దగ్గరగా చూస్తే దాని 5 మిల్లీమీటర్ల బిళ్ళ మీద పాములా మెలికలు తిరిగిన గీత కనిపిస్తుంది. అది కాడ్మియం సల్ఫైడ్. దాని మీద వెలుతురు పడేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. షాపుల్లో ఎక్కువగా దొరికే జీఎల్5528 రకం 10 లక్స్ (లక్స్ వెలుతురుకు కొలమానం) వెలుతురులో 10కే (10 కిలోఓమ్‌లు, అంటే పది వేల ఓమ్‌లు) నుంచి 20కే మధ్య ఎంతైనా చూపొచ్చు, పూర్తి చీకట్లో 1 మెగాఓమ్‌కు (పది లక్షల ఓమ్‌లు), అంతకంటే పైకి కూడా పోతుంది. ఒకే కవరులోంచి తీసిన రెండు ముక్కలే ఒకదానికి ఒకటి రెట్టింపు తేడాతో ఉండొచ్చన్నమాట.

వెలుతురు పడితే కరెంటును పోనిచ్చే ఫోటోట్రాన్సిస్టరు దీనికంటే ఎంతో వేగంగా స్పందిస్తుంది, అయినా ఈ పనికి ఎల్‌డీఆరే మేలు. మామూలు ఫోటోట్రాన్సిస్టరుకు ఇన్‌ఫ్రారెడ్ బాగా కనిపిస్తుంది కాబట్టి పాతకాలం బల్బు దానికి మహా వెలుగు, ఎల్ఈడీ బల్బు దాదాపు చీకటి. ఎల్‌డీఆర్ 540 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ రంగు దగ్గర, బాగా స్పందిస్తుంది. మన కంటికీ పగటిపూట 555 దగ్గరే చూపు ఎక్కువ. మనకు మసకగా అనిపించినప్పుడు దానికీ మసకే. ఒక్క జాగ్రత్త: కాడ్మియం విషం. ఎల్‌డీఆర్‌ను పగలగొట్టకండి, కాల్చకండి.

కొనాల్సినవి

బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల బజారు ఎస్పీ రోడ్డు. చిక్కపేట మెట్రోలో దిగి అక్కడికి నడిచి వెళ్ళొచ్చు. ఆదివారం చాలా షాపులు తెరవరు, శనివారమే చూసుకోండి. జీఎల్5528 ఎల్‌డీఆర్‌లు మూడు, ఎల్‌ఎం393 ఐసీ (చిప్) ఒకటి, దానికి 8 పిన్నుల ఐసీ బేస్, ఐఆర్‌ఎఫ్‌జడ్44ఎన్ మాస్‌ఫెట్ (స్ట్రిప్‌ను వెలిగించి ఆర్పే స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టరు) ఒకటి, 10కే ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టరు) ఒకటి, 10కే రెసిస్టర్లు రెండు, 100కేలు రెండు, 104 అని రాసిన సిరామిక్ కెపాసిటరు, 47 మైక్రోఫారడ్ 25 వోల్టుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు, బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా గుచ్చి కట్టే పలక), జీరో పీసీబీ (సోల్డరింగ్ చేసే రంధ్రాల పలక), నల్ల హీట్‌ష్రింక్ గొట్టం (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం), 12 వోల్టులు 1 ఆంపియరు అడాప్టరు, 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్. మీటరుకు 4.8 వాట్ల స్ట్రిప్ అయితే మీటరు ముక్క 0.4 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి ఈ అడాప్టరు రెండు మీటర్ల వరకు సరిపోతుంది. ఎల్‌డీఆర్‌తో జతగా వేసే రెసిస్టరు విలువ కొలిచాకే తెలుస్తుంది. దానికోసం 4.7కే, 10కే, 15కే, 22కే, 33కే, 47కే రెండేసి తెచ్చుకుంటే మళ్ళీ తిరగనక్కర్లేదు.

230 వోల్టుల బల్బును రిలేతో (కరెంటుతో నడిచే స్విచ్చు) ఇదే బోర్డు మీద నడపాలని అనిపిస్తుంది. మొదటి సర్క్యూటుకు అది వద్దు. జీరో పీసీబీలో చుక్కల మధ్య ఎడం 2.54 మిల్లీమీటర్లే, వాన చెమ్మ తగిలే బాల్కనీలో మెయిన్స్‌కు అది చాలదు. 12 వోల్టుల్లోనే ఉండండి.

కొలత

ఎల్‌డీఆర్‌కు నల్ల గొట్టం తొడిగి (ఎలాగో చివర్లో "బిగించడం"లో ఉంది), కాళ్ళకు క్రొకడైల్ క్లిప్పులు పెట్టి, మల్టీమీటరును 200కే రేంజిలో ఉంచండి. ఎల్‌డీఆర్ చివరికి ఎక్కడ ఉండబోతోందో అక్కడే, అదే దిక్కుకు తిప్పి పెట్టండి. వేళ్ళతో రెండు కాళ్ళూ పట్టుకుంటే ఒంటి రెసిస్టెన్స్ కూడా కలిసిపోయి అంకె తగ్గుతుంది, కాబట్టి వదిలేసి మీ నీడ పడనంత వెనక్కి జరగండి. సాయంత్రం "ఇక లైటు వేయాలి" అనిపించిన క్షణంలో చూసిన అంకె మీకు కావలసింది. ఎల్‌డీఆర్‌కు కాస్త జ్ఞాపకం ఉంటుంది: ఎండలోంచి నీడలోకి తెస్తే అంకె కొన్ని సెకన్లపాటు పైకి పాకుతూనే ఉంటుంది, అది నిలిచాక రాసుకోండి. వీలైతే రెండు మూడు సాయంత్రాలు చూడండి. ఇక్కడి లెక్కకు 15కే వచ్చిందనుకుందాం. మీకు 8కే రావచ్చు, 40కే రావచ్చు. దానికి దగ్గరి విలువగల రెసిస్టరునే ఎల్‌డీఆర్‌కు జతగా వాడాలి.

రంగులు చూసి తీసే అలవాటున్నా ప్రతి రెసిస్టరునూ మీటరుతో ఓసారి చూడండి. గోధుమ, నలుపు తర్వాత నారింజ ఉంటే 10కే, పసుపు ఉంటే 100కే. రాత్రి పసుపు కాంతి బల్బు కింద ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ట్రాన్సిస్టరు ఒక్కటి చాలదా?

బీసీ547 అనే ట్రాన్సిస్టరుతో కూడా చీకటి దీపం అవుతుంది, అరగంట పని. కానీ అది ఒక్కసారిగా వెలగదు. చీకటి పడేకొద్దీ మెల్లగా వెలుగు పెరుగుతుంది, మధ్యలో మిణుకుమిణుకుమంటుంది, 100 మిల్లీఆంపియర్లు దాటితే ట్రాన్సిస్టరు కాలిపోతుంది. నేర్చుకోవడానికి మంచిదే, బాల్కనీకి మాత్రం కంపేరేటరు (రెండు వోల్టేజీలను పోల్చే సర్క్యూటు) కావాలి.

అసలు సర్క్యూట్

ఎల్‌ఎం393 రెండు వోల్టేజీలను పోల్చి తీర్పు చెప్పే ఐసీ. అందులో రెండు కంపేరేటర్లు ఉంటాయి, మనకు ఒకటే కావాలి. గుంట గుర్తు పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ వైపు పైనుంచి కిందికి 1, 2, 3, 4, కుడి వైపు కిందినుంచి పైకి 5, 6, 7, 8. ముందు బ్రెడ్‌బోర్డు మీద కట్టండి.

8వ పిన్ను +12కు (అడాప్టరు పాజిటివ్), 4 గ్రౌండుకు (అడాప్టరు నెగటివ్). ఈ రెంటి మధ్య, ఐసీకి ఆనుకునేలా 104 కెపాసిటరు. వాడని 5, 6 పిన్నులు గ్రౌండుకు, 7 వదిలేయండి.

ఎల్‌డీఆర్ ఒక కాలు +12కు. రెండో కాలి నుంచి మీరు కొలిచి తెచ్చిన రెసిస్టరు (మన లెక్కలో 15కే) గ్రౌండుకు. ఈ రెండూ కలిసే చోటును సెన్సర్ పాయింట్ అందాం. అక్కడి నుంచి ఒక 100కే రెసిస్టరు 2వ పిన్నుకు. 2వ పిన్ను నుంచి 47 మైక్రోఫారడ్ కెపాసిటరు గ్రౌండుకు, తెల్ల గీత ఉన్న కాలు గ్రౌండు వైపు.

ప్రీసెట్ చివరి కాళ్ళు ఒకటి +12కు, ఒకటి గ్రౌండుకు. మధ్య కాలు నుంచి 10కే ద్వారా 3వ పిన్నుకు. 3వ పిన్నుకూ 1వ పిన్నుకూ మధ్య రెండో 100కే. 1వ పిన్ను నుంచి మిగిలిన 10కే +12కు, అదే పిన్ను నుంచి మాస్‌ఫెట్ గేటుకు తీగ.

మాస్‌ఫెట్‌పై అక్షరాలు మీవైపు ఉండగా ఎడమ నుంచి గేటు, డ్రెయిన్, సోర్సు. సోర్సు గ్రౌండుకు, స్ట్రిప్ నెగటివ్ డ్రెయిన్‌కు, పాజిటివ్ +12కు. ఈ కరెంటుకు అది వేడెక్కదు, హీట్‌సింక్ అక్కర్లేదు. 5 వోల్టుల్లో నడపాలనుకునేవారు మాత్రం ఐఆర్‌ఎల్‌జడ్44ఎన్ అడగండి, ఐఆర్‌ఎఫ్ రకం గేటుకు 5 వోల్టులు పూర్తిగా చాలవు.

1 నుంచి 3కు వేసిన 100కే లేకపోతే సర్క్యూట్ సరిగ్గా హద్దు మీద నిలబడి టపటపమని వెలిగి ఆరుతుంది. అది ఉంటే ఆరిన స్థితిలో 3వ పిన్ను 5.3 వోల్టుల దగ్గర, వెలిగిన స్థితిలో 6.6 దగ్గర ఉంటుంది (ప్రీసెట్ సరిగ్గా సగంలో ఉంటే). దాంతో ఎల్‌డీఆర్ 18.7కే దాటాక లైటు వెలుగుతుంది, మళ్ళీ 12.2కేకి దిగితేగాని ఆరదు. అంటే వెలుతురు దాదాపు రెట్టింపయ్యేదాకా ఆగుతుంది, చిన్న మబ్బుకు చలించదు.

2వ పిన్ను దగ్గరి 100కే, 47 మైక్రోఫారడ్ జంట పని వేరు. వీధిలో పోయే బండి హెడ్‌లైటు పడినా నాలుగు సెకన్ల వరకు పట్టించుకోదు. ఈ కెపాసిటరును 3వ పిన్నుకు వేసే పొరపాటు మాత్రం చేయకండి. హద్దును వెంటనే జరపాల్సిన పిన్ను అది, అక్కడ కెపాసిటరు పెడితే ఆ జరగడమే ఆలస్యమై టపటప మళ్ళీ మొదలవుతుంది. 100కే లేకుండా కెపాసిటరును నేరుగా సెన్సర్ పాయింటుకు వేసినా లాభం లేదు: హెడ్‌లైటు పడగానే ఎల్‌డీఆర్ కొన్ని వందల ఓమ్‌లకు పడిపోయి దాన్ని చిటికెలో నింపేస్తుంది.

బ్రెడ్‌బోర్డు మీద పరీక్షించేటప్పుడు ఈ కెపాసిటరు తీసి ఉంచండి. లేదంటే ఎల్‌డీఆర్‌ను చేత్తో మూసి, లైటు రాలేదని వెంటనే చెయ్యి తీసేసి, బాగున్న సర్క్యూటును విప్పడం మొదలుపెడతారు.

పని చేయకపోతే

అన్నింటికంటే ఎక్కువగా మరిచిపోయేది 1వ పిన్ను నుంచి +12కు వేయాల్సిన 10కే. ఎల్‌ఎం393 తన అవుట్‌పుట్‌ను కిందికి మాత్రమే లాగగలదు, పైకి నెట్టలేదు. ఆ రెసిస్టరు లేకుంటే లైటు సరిగా వెలగదు. లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే మాస్‌ఫెట్ కాళ్ళు చూడండి: డ్రెయిన్, సోర్సు తారుమారైతే లోపలి డయోడు గుండా కరెంటు పోతూనే ఉంటుంది. పగలు వెలిగి రాత్రి ఆరుతుంటే ఎల్‌డీఆర్, దాని జత రెసిస్టరు చోట్లు మారాయి.

వోల్టేజీలు చూసేటప్పుడు సెన్సర్ పాయింటు దగ్గర కొలవండి, 2వ పిన్ను దగ్గర కాదు. చౌకగా దొరికే డీటీ830 రకం మీటర్ల ఇన్‌పుట్ 1 మెగాఓమే. ముందున్న 100కే వల్ల అక్కడ దాదాపు పదో వంతు తక్కువ చూపించి తికమక పెడుతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు పట్టపగలైనా లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరుతుంది. కెపాసిటరు నిండేదాకా ఐసీకి అది చీకటే. ఇది లోపం కాదు.

బిగించడం

లైటు వెలగ్గానే ఆ వెలుగే ఎల్‌డీఆర్ మీద పడితే తెల్లారిందనుకుని ఆర్పేస్తుంది, ఆరగానే మళ్ళీ వెలిగిస్తుంది. కొన్ని సెకన్లకోసారి ఇలా జరుగుతుంటే కారణం ఇదే. ఎల్‌డీఆర్‌కు మూడు నాలుగు సెంటీమీటర్ల నల్ల హీట్‌ష్రింక్ గొట్టం తొడిగి, స్ట్రిప్‌కు వీపు పెట్టి ఆకాశం వైపు చూసేలా ఉంచండి. గొట్టం తొడిగితే లోపల పడే వెలుతురు బాగా తగ్గుతుంది కాబట్టి కొలతను కూడా గొట్టంతోనే తీయాలి. ఉత్తరం వైపు తిప్పితే ఏడాదిలో ఎక్కువ రోజులు నేరుగా ఎండ తగలదు. వీధిలైటు కనిపించే వైపు అసలు వద్దు.

సోల్డరింగ్‌లో ఎల్‌డీఆర్ కాళ్ళను కనీసం సెంటీమీటరు వదిలి, మూడు సెకన్లకు మించకుండా వేడి తగిలించండి. ఐసీ బేస్‌ను అతికించి ఐసీని చివర్లో గుచ్చండి. డబ్బాలో తీగ దూరే రంధ్రాన్ని కింది వైపే పెట్టి సిలికాన్‌తో మూయండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, రాగి తీగల మీద పచ్చటి చిలుము పడుతుంది. షాపులో న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. మూత బిగించే ముందు ఒక సాయంత్రం అలాగే వదిలి, ప్రీసెట్‌ను కొద్దికొద్దిగా తిప్పి మీకు నచ్చిన వేళకు కుదుర్చుకోండి. మధ్య కాలి వోల్టేజీ పెంచితే లైటు ముందే వెలుగుతుంది, తగ్గిస్తే ఇంకా చీకటి పడ్డాక వెలుగుతుంది.