బండి బ్రేకు లివర్ కొట్టుకుంటోందా? బ్రేకు డిస్కు కొనకముందు ఇవి చూడండి

ప్రకాశం బ్యారేజీ మీద మెల్లగా బ్రేకు వేస్తే నా పదిహేనేళ్ల బండి బ్రేకు లివర్ వేళ్ల కింద నాడిలా కొట్టుకునేది. "డిస్కు (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లెం) వంగింది, మార్చేద్దాం" అన్నాడు మెకానిక్. ఆగమన్నాను.

సెంటర్ స్టాండు వేసి ముందు చక్రం గాల్లోకి లేపండి. పక్కలకి ఊపితే లూజు ఉందా? అయితే ముందు బేరింగుల పని చూడండి. లూజు లేదంటే ఫోర్కుకి, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలకి, తీగ కట్టి, కొసని డిస్కుకి వెంట్రుకవాసి దూరంలో పెట్టి చక్రం తిప్పండి. సందు పెరుగుతూ తగ్గుతుంటే డిస్కు ఊగుతోంది. ఆటోనగర్‌లో డయల్ గేజి (ఊపుని ముల్లుతో చూపే కొలత పరికరం) ఉన్నవాళ్ల చేత కొలిపిస్తే ఇంకా నయం. చాలా బళ్లకి 0.3 మి.మీ. హద్దు, మీ మాన్యువల్ చూసుకోండి.

ఊగకపోయినా కొట్టుకుంటే మందంలో తేడా అన్నమాట. మందాన్ని కచ్చితంగా కొలిచే మైక్రోమీటరుతో ఆరేడు చోట్ల కొలవండి. డిస్కు మీద ముద్రించిన కనీస మందం కన్నా తగ్గితే మార్చాల్సిందే, బేరం లేదు.

నా బండిలో దొంగ వేరే. డిస్కు కూర్చునే హబ్ (చక్రం మధ్య భాగం) అంచున తుప్పు పొర! విప్పి, గీకి, బోల్టులు ఎదురెదురుగా బిగించాను. డిస్కుని నొక్కిపట్టే కాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులకి గ్రీజు పెట్టాను, అదీ బ్రేకులకి వాడేదే. డిస్కుకి మాత్రం జిడ్డు చెయ్యి తగలనివ్వకండి.