టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత మత్తు దిగేటప్పుడు పిల్లల పెనుగులాటను తగ్గించడం

టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనుక ఉండే మెత్తని కండ) తీయించుకున్న రెండు నుంచి ఐదేళ్ల పిల్లలలో కొందరు, ముఖ్యంగా సెవోఫ్లూరేన్ వంటి త్వరగా దిగిపోయే వాయువుతో మత్తు ఇచ్చినప్పుడు, మెలకువ వస్తూనే కాళ్లూ చేతులూ విసురుతూ సెలైన్ సూదిని పీకబోతారు. కళ్లు తెరిచే ఉంటాయి గాని చూపు ఎవరి మీదా నిలవదు. అమ్మ ఒడిలోనే ఉండి అమ్మ కావాలని ఏడుస్తారు.

దీనికి జాగ్రత్తలు ఆపరేషన్‌కు ముందే మొదలుకావాలి. భయపడి ఏడుస్తూ మత్తులోకి వెళ్లిన బిడ్డ ఏడుస్తూనే లేచే అవకాశం ఎక్కువ కనుక, ముందురోజే మాస్కును బొమ్మ ముఖానికి పెట్టి ఆడించాలి. థియేటర్‌లోకి తీసుకువెళ్లేటప్పుడు ఫోన్‌లో ఇష్టమైన కార్టూన్ చూపించాలి. సూది ఉండదని అబద్ధం చెప్పకూడదు. మంచినీళ్లు ఎప్పటి వరకు తాగించవచ్చో మత్తు డాక్టరును అడిగి, అనవసరంగా గంటల తరబడి దాహంతో ఉంచకుండా చూడాలి.

నొప్పి మందు బిడ్డ నిద్రలో ఉండగానే పడాలి. పారాసెటమాల్ కిలో బరువుకు 15 మి.గ్రా. చొప్పున ఇస్తారు. పెనుగులాటను తగ్గించడానికి డెక్స్‌మెడెటోమిడిన్ అనే నిద్రమత్తు మందును కిలోకు సుమారు 0.5 మైక్రోగ్రాముల చొప్పున పది నిమిషాలపాటు నెమ్మదిగా ఎక్కించడం, లేదా ఆపరేషన్ చివర ప్రొపోఫాల్ అనే మత్తు మందును కిలోకు 1 మి.గ్రా. ఇవ్వడం మత్తు డాక్టరు చేతిలో ఉన్న మార్గాలు. వీటితో మెలకువ కొంత ఆలస్యమైనా నా దృష్టిలో అది నష్టమేమీ కాదు. నిద్రలో గురకపెట్టి ఊపిరి ఆగిపోయే పిల్లలకు మాత్రం ఫెంటానిల్ వంటి బలమైన నొప్పి మందులను తగ్గించి వాడాలి. పన్నెండేళ్ల లోపు వారికి కోడీన్ అనే నొప్పి మందు అసలు ఇవ్వకూడదు.

రికవరీ గదిలో బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, లైట్లు తగ్గించి, తానుగా లేచేవరకు తట్టి లేపకుండా ఉండాలి. పెనుగులాట మొదలైతే అది మత్తు వల్లనే అనుకునే ముందు ఆక్సిజన్ శాతాన్ని, ఊపిరి శబ్దాన్ని చూడాలి. గొంతు ఆపరేషన్‌లో మరొక సంగతి కూడా గమనించాలి: బిడ్డ మాటిమాటికీ గుటకలు వేస్తుంటే రక్తం కారి గొంతులోకి దిగుతూ ఉండవచ్చు, అప్పుడు సర్జన్‌ను వెంటనే పిలవాలి. అవేవీ లేకపోతే నొప్పి, మూత్రం, ఆకలి సంగతి చూసి, మంచం కటకటాలకు దుప్పటి చుట్టి, గట్టిగా అదిమిపట్టకుండా తల్లిదండ్రులలో ఒక్కరే నెమ్మదిగా మాట్లాడుతూ ఉండాలి. నలుగురూ చేరి సముదాయిస్తే ఏడుపు పెరుగుతుంది. సాధారణంగా ఇది పదిహేను ఇరవై నిమిషాలలో సద్దుమణుగుతుంది, లేచాక బిడ్డకు అది గుర్తు ఉండదు.