క్రిప్టో ఓనమాలు – 4వ పాఠం: జీరో ఫీజు దగ్గర పోయిన 39 రూపాయలు

ఈ వారం వాలెట్ గురించి, అంటే కాయిన్లు మన దగ్గరే దాచుకునే సాధనం గురించి, చెప్పాల్సింది. చెప్పడం లేదు. పోయిన పాఠం చివర, ఒక ఎక్స్చేంజ్ (క్రిప్టో కాయిన్లు కొని అమ్మే యాప్) చూసుకుని వెయ్యి రూపాయలకు కొని వెంటనే అమ్మి చూడమన్నాను. ఏది చూసుకోవాలో మాత్రం సరిగ్గా చెప్పలేదు. తప్పు నాదే. పెరంబూరు నుంచి ఒక అక్క రాశారు: "మాస్టారూ, జీరో ఫీజు అని చూసే తీసుకున్నా. నిమిషంలో అమ్మితే 951 వచ్చాయి. ధర కదల్లేదు. మిగతాది ఎవరు తిన్నారు?"

అందులో పది రూపాయలు టీడీఎస్, అంటే ముందే కోసేసే పన్ను. 2022 జూలై నుంచి అమ్మిన మొత్తంలో ఒక శాతం కోస్తున్నారు. అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్‌లో చూపించుకోవచ్చు. టెన్షన్ వద్దు. మిగిలిన 39 సంగతే అసలు సంగతి.

చెన్నై ప్యారిస్ కార్నర్‌లో డాలర్లు మార్చే కొట్టు బోర్డు గుర్తు తెచ్చుకోండి. కొనే రేటు ఒకటి, అమ్మే రేటు ఒకటి. విడిగా కమిషన్ అడగడు. ఆ రెండు రేట్ల మధ్య సందులోనే అతని కొట్టు అద్దె, పిల్లల స్కూలు ఫీజు. మీ యాప్‌లో పెద్ద అక్షరాలతో మెరిసే 'ఇన్‌స్టంట్ బై' బటన్ ఆ కొట్టే. కాయిన్ అసలు ధర 100 అయితే మీకు 102కి ఇస్తుంది, మీ దగ్గర 98కి తీసుకుంటుంది. వెయ్యికి 9.80 కాయిన్లు వస్తాయి. వాటిని 98కి అమ్మితే 961. ఫీజు నిజంగానే సున్నా!

యాప్‌లో కొనేవాళ్ల, అమ్మేవాళ్ల ధరలు చూపించే ఆర్డర్ బుక్ అలా కాదు, కోయంబేడు టోకు మార్కెట్ లాంటిది. 99.90కి కొనేవాళ్లు ఒక వరసలో, 100.10కి అమ్మేవాళ్లు ఇంకో వరసలో కనిపిస్తారు. లెక్క కోసం ఫీజు అర శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుందాం. వెయ్యి పెట్టి కొని అమ్మితే టీడీఎస్ కాక 14 రూపాయలు పోతాయి. ఫీజు తీసుకునేచోట 14, తీసుకోనిచోట 39. ఈ 'జీరో' అనే మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, అందుకే ఇంతసేపు చెప్పాను.

కాబట్టి రూపాయల్లో ఆర్డర్ బుక్ లేని ఎక్స్చేంజ్‌ని నేనైతే మొదటిదిగా తీసుకోను. ఉన్నా ఆ రెండు వరసల మధ్య దూరం చూస్తాను. ఎవరూ కొనని కాయిన్లకు ఆ దూరం బారెడు ఉంటుంది. బిట్‌కాయిన్ దాటి వెళ్లకండి. నేను లిమిట్ ఆర్డర్ (నేను చెప్పిన ధర లేదా అంతకంటే మంచి ధర దొరికితేనే జరిగేది) తప్ప వేరేది వేయను, అదీ ల్యాప్‌టాప్‌లోనే. ఫోన్‌లో వేలు జారుతుంది.

కేవైసీ, బ్యాంకు లింకు మీకు తెలిసినవే.

"ఎఫ్‌ఐయూలో రిజిస్టర్ అయితే భద్రమే కదా?" అని కొళత్తూరు తమ్ముడి ప్రశ్న. ఎఫ్‌ఐయూ అంటే అనుమానాస్పద డబ్బు లావాదేవీల మీద కన్నేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. రిజిస్టర్ కానిదాని జోలికి వెళ్లొద్దు. కానీ 2023 మార్చి నుంచి ఉన్న ఆ నిబంధన నల్లధనం తరలింపును పట్టుకోవడానికి, మీ డబ్బుకు బీమా కాదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్చేంజ్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు దొంగలపాలయ్యాయి, విత్‌డ్రాయల్స్ ఆగిపోయాయి. ఆ వ్యవహారంలోనే మన మద్రాస్ హైకోర్టు 2025 అక్టోబరులో క్రిప్టో ఆస్తి కిందికే వస్తుందని చెప్పింది. మాట మంచిదే, కానీ కోర్టు మెట్లెక్కే ఓపిక ఎంతమందికి ఉంటుంది? కాయిన్‌ని బయటి వాలెట్‌కి పంపనిస్తారా, ఎంత తీసుకుంటారు అన్నది ఖాతా తెరవకముందే చూడండి. ఇది చూడక నేనొకసారి ఎనిమిది నెలలు ఇరుక్కున్నాను.

పన్ను గురించి ఒక్క ముక్క. ఒక కాయిన్‌లో 10,000 లాభం, ఇంకోదాంట్లో 8,000 నష్టం వస్తే 2,000కి కాదు, మొత్తం 10,000కీ 30 శాతం కట్టాలి. సెస్‌తో 3,120. వచ్చింది 2,000, కట్టేది 3,120!

అభ్యాసం: మూడు ఎక్స్చేంజ్‌లు, ఏడు రోజులు, ఉదయం తొమ్మిదికీ రాత్రి తొమ్మిదికీ. బిట్‌కాయిన్ కొనే ధర, అమ్మే ధర, తేడా శాతం నోట్‌బుక్‌లో రాయండి. ఇన్‌స్టంట్ బటన్‌కి ఒక వరస, ఆర్డర్ బుక్‌కి ఒక వరస. మొత్తం 84 వరసలు. ఈ వారం రూపాయి కూడా పెట్టొద్దు. వాలెట్ పాఠం ఆ 84 నిండాకే.