జెడ్/ఓఎస్ మెయిన్‌ఫ్రేమ్‌లో టీసీపీ/ఐపీని అమర్చి నిర్వహించడం ఎలా?

ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లపై నడిచే జెడ్/ఓఎస్‌లో నెట్‌వర్క్ పనులన్నిటినీ కమ్యూనికేషన్స్ సర్వర్ అనే భాగం చూసుకుంటుంది. ఇది ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటే వస్తుంది కాబట్టి విడిగా తెచ్చి ఎక్కించనక్కర్లేదు. ఇందులో రెండు పొరలుంటాయి. ఐబీఎం 1974లో ప్రకటించిన ఎస్‌ఎన్‌ఏ అనే నెట్‌వర్క్ పద్ధతి కోసం పుట్టిన వీట్యామ్ ఒకటి, ఇంటర్నెట్ ప్రోటోకాల్‌లను నడిపే టీసీపీ/ఐపీ మరొకటి. ఎస్‌ఎన్‌ఏ టెర్మినళ్లు ఎప్పుడో కనుమరుగైన చోట్ల కూడా వీట్యామ్ నడుస్తూ ఉండాల్సిందే, ఎందుకంటే నెట్‌వర్క్ కార్డును తెరిచేది అదే, టీసీపీ/ఐపీ దాని ద్వారానే కార్డును చేరుకుంటుంది. అందువల్ల ఇక్కడ ఇన్‌స్టలేషన్‌లో ఫైళ్లు కాపీ చేసే పని తక్కువ. పార్మ్‌లిబ్‌లో (సిస్టమ్ సెట్టింగ్‌ల లైబ్రరీ), వీట్యామ్ నిర్వచనాల్లో, ర్యాక్‌ఎఫ్‌లో (భద్రతా వ్యవస్థ), టీసీపీ/ఐపీ ప్రొఫైల్‌లో (దాని సెట్టింగ్‌ల ఫైల్) రాసిన పేర్లు, అంకెలు ఒకదానితో ఒకటి సరిపోయేలా చూసే పని ఎక్కువ. కొత్త స్టాక్, అంటే స్టార్ట్ చేసిన టీసీపీ/ఐపీ, లేవలేదంటే ముందుగా అనుమానించాల్సింది ప్రోగ్రాంను కాదు, ఈ నాలుగు చోట్ల రాసిన రాతను.

పని మొదలుపెట్టే ముందు

నెట్‌వర్క్‌ను మార్చేవారు అదే నెట్‌వర్క్ మీద కూర్చొని పని చేయకూడదు. టీఎన్3270 (నెట్‌వర్క్ మీదుగా వచ్చే మెయిన్‌ఫ్రేమ్ తెర) ద్వారా టీఎస్‌ఓలోకి (జెడ్/ఓఎస్‌లో వాడుకదారులు పని చేసే చోటు) లాగిన్ అయి టీసీపీ/ఐపీని ఆపితే ఆ క్షణమే మీ తెర కూడా పోతుంది, మళ్లీ స్టార్ట్ చేయడానికి దారి మిగలదు. హెచ్‌ఎంసీలోని (మెయిన్‌ఫ్రేమ్ హార్డ్‌వేర్‌ను నిర్వహించే విడి కంప్యూటర్) కన్సోల్ గానీ, ఓఎస్‌ఏ కార్డును (మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డు) ఐసీసీ రకంగా నిర్వచించి ఏర్పాటు చేసుకున్న 3270 కన్సోల్ గానీ, మొత్తానికి జెడ్/ఓఎస్‌లోని టీసీపీ/ఐపీతో నిమిత్తం లేని కన్సోల్ ఒకటి అందుబాటులో ఉండాలి. అది ఉందని విని ఊరుకోకుండా, అందులో లాగిన్ అయి ఒక కమాండ్ ఇచ్చి చూడాలి.

తరువాత వివరాలు సేకరించాలి. నెట్‌వర్క్ బృందం నుంచి ఐపీ చిరునామా, సబ్‌నెట్ మాస్క్, డిఫాల్ట్ గేట్‌వే, ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం), వీల్యాన్ (స్విచ్‌పై విడదీసిన నెట్‌వర్క్) ఉంటే దాని సంఖ్య, డీఎన్‌ఎస్ సర్వర్ల చిరునామాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. హార్డ్‌వేర్ చూసేవారి నుంచి ఓఎస్‌ఏ పోర్టుకు కేటాయించిన డివైస్ నంబర్లు తీసుకోవాలి. ఆ కార్డు చానెల్ హెచ్‌సీడీలో (హార్డ్‌వేర్ నిర్వచనాలు రాసే సాధనం) ఓఎస్‌డీ రకంగా ఉండాలి. డివైస్‌లు 0600 నుంచి మొదలవుతాయనుకుంటే, కన్సోల్‌పై డి యూ,,,0600,5 అని అడిగితే అవి ఆన్‌లైన్‌లో ఉన్నాయో లేదో తెలుస్తుంది. ఆఫ్‌లైన్ అని వస్తే అక్కడే ఆగి దాన్ని సరిచేయాలి తప్ప మిగతా పని ముందుకు నడపకూడదు.

లైబ్రరీలు, పార్మ్‌లిబ్

ప్రోగ్రాంలు ఎస్‌ఈజెడ్‌ఏలోడ్, ఎస్‌ఈజెడ్‌ఏటీసీపీ అనే లైబ్రరీలలో ఉంటాయి. వీటికి ఏపీఎఫ్ అనుమతి (ప్రత్యేకాధికారాలతో నడిచే వీలు) ఉందని, ఎస్‌ఈజెడ్‌ఏలోడ్ లింక్‌లిస్ట్‌లో (సిస్టమ్ ప్రోగ్రాంల కోసం వెతికే లైబ్రరీల జాబితా) ఉందని సరిచూడాలి. నమూనా ఫైళ్లన్నీ ఎస్‌ఈజెడ్‌ఏఇన్‌స్ట్‌లో దొరుకుతాయి: స్టార్ట్ చేసే ప్రొసీజర్‌కు టీసీపీఐప్రోక్, ప్రొఫైల్‌కు శాంప్‌ప్రోఫ్, రిజాల్వర్ వివరాలకు టీసీపీడేటా. వీటిని మీ సొంత డేటాసెట్‌లోకి కాపీ చేసుకొని ఆ కాపీలనే మార్చాలి. అసలు నమూనాలో రాస్తే, ఆ సభ్యాన్ని (లైబ్రరీలోని ఒక ఫైల్) మార్చే పీటీఎఫ్ (ఐబీఎం పంపే సవరణ) వచ్చిన రోజు మీ రాతంతా తుడిచిపెట్టుకుపోతుంది.

జెడ్/ఓఎస్‌లోని యూనిక్స్ భాగమైన యూనిక్స్ సిస్టమ్ సర్వీసెస్‌కు టీసీపీ/ఐపీ గురించి చెప్పేది పార్మ్‌లిబ్‌లోని బీపీఎక్స్‌పీఆర్‌ఎం సభ్యం. ఒకే స్టాక్ నడిపేట్లయితే ఫైల్‌సిస్టైప్ స్టేట్‌మెంట్‌లో ఐనెట్ రకాన్ని, ఈజెడ్‌బీపీఎఫ్ఐఎన్ఐ అనే ఎంట్రీపాయింట్‌ను రాయాలి. ఆ వెంటనే నెట్‌వర్క్ స్టేట్‌మెంట్‌లో ఏఎఫ్_ఐనెట్‌కు డొమైన్ సంఖ్య 2 ఇవ్వాలి, ఐపీవీ6 కూడా కావాలంటే ఏఎఫ్_ఐనెట్6కు 19 ఇవ్వాలి. ఒకటి కంటే ఎక్కువ స్టాక్‌లు కావాలంటే సీఐనెట్ అనే మరో రకం ఉంది గానీ, గట్టి అవసరం లేనిదే దాని జోలికి పోకపోవడం మేలు. ఏ అప్లికేషన్ ఏ స్టాక్‌తో మాట్లాడుతోందన్న ప్రశ్న ఆ తర్వాత ప్రతి సమస్యలోనూ ఎదురవుతూనే ఉంటుంది.

వీట్యామ్ నిర్వచనం

ఓఎస్‌ఏ కార్డు కోసం వీట్యామ్‌లో టీఆర్‌ఎల్ఈ అనే నిర్వచనం రాసి, ఎస్‌వైఎస్1.వీట్యామ్‌ఎల్‌ఎస్‌టీలో సభ్యంగా పెట్టాలి. అందులో ఎల్‌ఎన్‌సీటీఎల్‌కు ఎంపీసీ అని, ఎంపీసీలెవెల్‌కు క్యూడీఐఓ అని ఇవ్వాలి. రీడ్ డివైస్ సంఖ్య సరిసంఖ్య అయి ఉండాలి, రైట్ దాని వెంటనే వచ్చే బేసిసంఖ్య కావాలి. పై ఉదాహరణలో రీడ్ 0600, రైట్ 0601 అవుతాయి, డేటాపాత్‌కు 0602 నుంచి 0604 వరకు ఇవ్వవచ్చు. ఇక పోర్ట్‌నేమ్ దగ్గర ఆగి జాగ్రత్తగా రాయాలి. ఇక్కడ ఓఎస్‌ఏ1 అని రాస్తే టీసీపీ/ఐపీ ప్రొఫైల్‌లోనూ అక్షరం తేడా లేకుండా ఓఎస్‌ఏ1 అనే ఉండాలి, ఎందుకంటే రెండు పొరలనూ కలిపే ముడి ఈ పేరే. వీట్యామ్ రాత అసెంబ్లర్ పద్ధతిలో ఉంటుంది. లేబుల్ మొదటి కాలంలో (వరుసలోని అక్షర స్థానంలో) మొదలవ్వాలి, వాక్యం తరువాతి వరుసకు సాగితే 72వ కాలంలో గుర్తు ఉండాలి, కొనసాగింపు 16వ కాలం నుంచి రావాలి. కంటికి అంతా సరిగ్గానే కనిపిస్తున్నా వీట్యామ్ ఒప్పుకోవడం లేదంటే కాలాలు లెక్కపెట్టి చూడాలి.

ఈ సభ్యాన్ని వేరీ నెట్,యాక్ట్ కమాండ్‌తో యాక్టివేట్ చేసి, డి నెట్,టీఆర్‌ఎల్‌తో చూసుకోవాలి. ఐపీఎల్ (సిస్టమ్‌ను బూట్ చేయడం) తర్వాత దానంతట అదే యాక్టివేట్ కావాలంటే దాని పేరును ఏటీసీకాన్ సభ్యంలో చేర్చాలి. ఈ చిన్న పని మరచిపోతే దాని ఫలితం వెంటనే కాకుండా తరువాతి ఐపీఎల్ నాడు, చాలాసార్లు అర్ధరాత్రి వేళ బయటపడుతుంది.

ర్యాక్‌ఎఫ్

టీసీపీఐపీ ప్రొసీజర్‌కు స్టార్టెడ్ క్లాస్‌లో ప్రొఫైల్, ఓఎంవీఎస్ సెగ్మెంట్‌లో (యూనిక్స్ వివరాలుండే చోటు) యూఐడీ 0 (సూపర్‌యూజర్) ఉన్న యూజర్ ఐడీ కావాలి. ఎఫ్‌టీపీ వంటి సర్వర్లకు బీపీఎక్స్.డెమన్ అనుమతి కూడా ఇవ్వాలి. నడుస్తున్న స్టాక్‌ను మార్చగల ఓబేఫైల్ కమాండ్‌ను ఆపర్‌కమాండ్స్ క్లాస్‌లోని ఎంవీఎస్.వేరీ.టీసీపీఐపీ.ఓబేఫైల్ ప్రొఫైల్‌తో కట్టుదిట్టం చేయాలి. ఈ అనుమతి ఎంత తక్కువ మంది చేతిలో ఉంటే అంత మంచిది.

ప్రొఫైల్ రాయడం

స్టాక్ ఎలా ప్రవర్తించాలో చెప్పేది ప్రొఫైల్. స్టార్ట్ ప్రొసీజర్‌లోని ప్రొఫైల్ డీడీ స్టేట్‌మెంట్‌లో దాని పేరును స్పష్టంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే టీసీపీ/ఐపీ కొన్ని నిర్ణీత పేర్లతో ఒక వరుసలో వెతుక్కుంటూ పోతుంది, పాత ఫైలేదో తగిలితే దాన్నే వాడేస్తుంది. సెమికోలన్ తర్వాత రాసినది వ్యాఖ్యగా లెక్క. ఎడిటర్‌లో వరుస సంఖ్యలను ఆపేసి రాయాలి.

ముందుగా ఇంటర్‌ఫేస్ స్టేట్‌మెంట్ రాయాలి. దానికొక పేరు పెట్టి, డిఫైన్ ఐపీఏక్యూఈనెట్ అని, పోర్ట్‌నేమ్ ఓఎస్‌ఏ1 అని, చిరునామాను మాస్క్‌తో కలిపి, ఉదాహరణకు 192.0.2.10/24 అని ఇవ్వాలి. ఒకే కార్డును అనేక ఎల్‌పార్‌లు (ఒకే యంత్రంలో విడివిడిగా నడిచే సిస్టమ్ విభాగాలు) పంచుకుంటుంటే వీమ్యాక్ అని కూడా చేర్చడం మంచిది. అప్పుడు ప్రతి స్టాక్‌కూ తనదైన మ్యాక్ చిరునామా ఉండి, స్విచ్ వైపు గందరగోళం తగ్గుతుంది. పాత ప్రొఫైల్‌లలో ఇదే పని కోసం డివైస్, లింక్, హోమ్ అనే మూడు స్టేట్‌మెంట్‌లు కనిపిస్తాయి, కొత్తగా రాసేవారు వాటిని అనుకరించనవసరం లేదు. తరువాత బిగిన్‌రౌట్స్, ఎండ్‌రౌట్స్ మధ్య మీ సబ్‌నెట్‌కు ఒక రౌట్, గేట్‌వే ద్వారా డిఫాల్ట్ రౌట్ ఒకటి ఇవ్వాలి. చివరగా స్టార్ట్ అనే మాటతో ఇంటర్‌ఫేస్ పేరు రాయాలి. ఇది లేకపోతే ఇంటర్‌ఫేస్ నిర్వచనం మాత్రం ఉండి కార్డు తెరుచుకోదు.

పోర్టుల రిజర్వేషన్‌లో కొత్తవారిని తికమకపెట్టే చోటు ఒకటుంది. ఎఫ్‌టీపీ సర్వర్‌ను ఎఫ్‌టీపీడీ అనే ప్రొసీజర్‌తో స్టార్ట్ చేసినా, అది ఫోర్క్ అయ్యాక నిలిచే జాబ్ పేరు ఎఫ్‌టీపీడీ1. కాబట్టి 21వ పోర్టును ఎఫ్‌టీపీడీ1 పేరిట రిజర్వ్ చేయాలి. సర్వర్లను స్టాకే స్టార్ట్ చేసేలా చెప్పే ఆటోలాగ్‌లో మాత్రం ప్రొసీజర్ పేరుగా ఎఫ్‌టీపీడీ, జాబ్‌నేమ్‌గా ఎఫ్‌టీపీడీ1 రెండూ ఇవ్వాలి. టీఎన్3270 సర్వర్‌ను విడి అడ్రస్ స్పేస్‌లో, దాని సొంత ప్రొఫైల్‌తో నడపాలి. అది ఇచ్చే ఎల్‌యూ (ఎస్‌ఎన్‌ఏ లెక్కలో ఒక్కో టెర్మినల్) పేర్లకు వీట్యామ్‌లో అప్లికేషన్ నిర్వచనాలు కావాలి. ఎన్‌క్రిప్షన్ కోసం ఏటీ-టీఎల్‌ఎస్ (అప్లికేషన్ బదులు స్టాకే చేసే టీఎల్‌ఎస్) వాడదలిస్తే ప్రొఫైల్‌లోని టీసీపీకాన్ఫిగ్‌లో టీటీఎల్‌ఎస్ అని చేర్చి పాలసీ ఏజెంట్‌ను నడపాలి. అయితే ముందు మామూలు కనెక్షన్ పని చేయనిచ్చి, తర్వాతే దాని జోలికి వెళ్లాలి.

పేర్లను చిరునామాలుగా మార్చే రిజాల్వర్ విడిగా ఉంటుంది. దాని కోసం టీసీపీఐపీ.డేటాలో స్టాక్ జాబ్ పేరు, హోస్ట్‌నేమ్, డొమైన్, డీఎన్‌ఎస్ సర్వర్లు రాయాలి. తర్వాత ఎప్పుడైనా మార్చితే రిజాల్వర్‌కు మాడిఫై కమాండ్‌తో రిఫ్రెష్ చెప్పాలి.

స్టార్ట్ చేసి సరిచూడడం

వీట్యామ్ లేచిన తర్వాత ఎస్ టీసీపీఐపీ అని స్టార్ట్ చేసి లాగ్ చదవాలి. ప్రొఫైల్‌లో ఏదైనా వరుసను కాదంటే ఆ వరుస సంఖ్యతో సందేశం వస్తుంది, మిగతా వరుసలను మాత్రం స్టాక్ అమలు చేసుకుంటూ పోతుంది. స్టాక్ లేచినంత మాత్రాన ప్రొఫైల్ మొత్తం సరిగ్గా ఉందని అనుకోకూడదు. ఇంటర్‌ఫేస్ సిద్ధమైందని ఈజెడ్‌జెడ్4340ఐ చెబుతుంది, సేవలన్నీ అందుబాటులోకి వచ్చాయని ఈజెడ్‌ఏఐఎన్11ఐ చెబుతుంది.

ఆపై లోపలి నుంచి బయటకు ఒక వరుసలో పరీక్షించాలి. డి టీసీపీఐపీ,,నెట్‌స్టాట్,డెవ్‌లింక్స్‌లో ఇంటర్‌ఫేస్ రెడీ అని ఉండాలి. తర్వాత మీ సొంత చిరునామాను, ఆ తర్వాత గేట్‌వేను, దాన్ని దాటిన ఒక చిరునామాను పింగ్ చేయాలి, చివరగా పేరుతో పింగ్ చేయాలి. ఇంటర్‌ఫేస్ రెడీ కాకపోతే పోర్ట్‌నేమ్, టీఆర్‌ఎల్ఈ చూడాలి. రెడీ అయినా గేట్‌వే అందకపోతే వీల్యాన్ సంఖ్య, స్విచ్ పోర్టు చూడాలి. గేట్‌వే అంది బయట అందకపోతే డిఫాల్ట్ రౌట్ చూడాలి, చిరునామాతో అంది పేరుతో అందకపోతే రిజాల్వర్ చూడాలి.

నడుస్తున్న స్టాక్‌లో మార్పులు

మార్పు కోసం స్టాక్‌ను ఆపనక్కర్లేదు. మార్చదలచిన స్టేట్‌మెంట్‌లను ఒక ఫైల్‌లో రాసి వేరీ టీసీపీఐపీ,,ఓబేఫైల్ కమాండ్‌తో అమలు చేయవచ్చు. అయితే కొన్ని స్టేట్‌మెంట్‌లు ఉన్నవాటికి తోడవుతాయి, కొన్ని ఉన్నవాటిని తీసేసి వాటి స్థానంలో కూర్చుంటాయి. ఒక కొత్త రౌట్ చేర్చుదామని బిగిన్‌రౌట్స్ బ్లాకులో ఆ ఒక్క వరుసే రాసి ఓబేఫైల్ ఇస్తే, అప్పటిదాకా ఉన్న స్టాటిక్ రౌట్‌లన్నీ, డిఫాల్ట్ రౌట్‌తో సహా, పోతాయి. వేరే సబ్‌నెట్‌లలో ఉన్న వాడుకదారులందరి కనెక్షన్లూ అంతటితో తెగిపోతాయి. కాబట్టి ఆ బ్లాకును ఎప్పుడూ పూర్తిగా, పాతవీ కొత్తవీ కలిపి రాయాలి. ఇంటర్‌ఫేస్‌ను మార్చాలంటే ముందు దాన్ని స్టాప్ చేసి, డిలీట్ చేసి, మళ్లీ డిఫైన్ చేయాలి. ఓబేఫైల్‌తో చేసిన మార్పు స్టాక్ మళ్లీ లేచేదాకానే నిలుస్తుంది గనుక, ఫలితం సరిగ్గా ఉందని తేలిన రోజే అసలు ప్రొఫైల్‌లోనూ రాయాలి. అమలుకు ముందు వేరీ టీసీపీఐపీ,,సింటాక్స్‌చెక్‌తో రాతలోని తప్పులు పట్టుకోవచ్చు. పై రౌట్‌ల ఉదాహరణలో మాత్రం వాక్యనిర్మాణం సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఆ చెక్ ఏమీ చెప్పదు.

కారణం అంతుపట్టని సమస్య వస్తే ఎస్‌వైఎస్‌టీసీపీడీఏ ట్రేస్‌తో ప్యాకెట్లు పట్టుకోవాలి. చిరునామా, పోర్టు ఇచ్చి పరిధిని కుదించిన తర్వాతే ట్రేస్ మొదలుపెట్టాలి. ఐపీసీఎస్‌లో (డంప్‌లు, ట్రేస్‌లు చదివే సాధనం) స్నిఫర్ ఆప్షన్‌తో దాన్ని వైర్‌షార్క్ చదవగల రూపంలోకి మార్చుకోవచ్చు, అప్పుడు నెట్‌వర్క్ బృందంతో ఒకే బొమ్మను చూస్తూ మాట్లాడుకోవచ్చు.

పీటీఎఫ్‌లు ఎక్కించడం

సవరణలు ఎస్‌ఎంపీ/ఈ (జెడ్/ఓఎస్‌లో ప్రోగ్రాంలు ఎక్కించే సాధనం) ద్వారా మూడు దశల్లో వస్తాయి. రిసీవ్‌తో పీటీఎఫ్‌లు, హోల్డ్‌డేటా (పీటీఎఫ్‌లను ఎక్కించే ముందు చూడాల్సిన హెచ్చరికలు) గ్లోబల్ జోన్‌లోకి చేరతాయి, అప్లైతో టార్గెట్ లైబ్రరీలు మారతాయి, యాక్సెప్ట్‌తో డిస్ట్రిబ్యూషన్ లైబ్రరీలు మారతాయి. అప్లై అయి యాక్సెప్ట్ కాని పీటీఎఫ్‌ను రిస్టోర్‌తో వెనక్కి తీసుకోవచ్చు గానీ యాక్సెప్ట్ చేశాక ఆ వీలు ఉండదు. అందుకే ఈ మూడో దశకు తొందరపడకూడదు.

నడుస్తున్న సిస్టమ్ వాల్యూమ్‌లపై నేరుగా అప్లై చేయకూడదు. సిస్‌రెస్‌ను (సిస్టమ్ బూట్ అయ్యే వాల్యూమ్), దానికి చెందిన జెడ్ఎఫ్ఎస్‌లను (యూనిక్స్ ఫైల్ సిస్టమ్‌లు), టార్గెట్ జోన్‌ను క్లోన్ చేసి ఆ క్లోన్‌పైనే చేయాలి. అప్పుడు వెనక్కి రావడమంటే పాత వాల్యూమ్ నుంచి ఐపీఎల్ చేయడమే. హోల్డ్‌డేటాను అదే రోజు తాజాగా రిసీవ్ చేసుకొని, గ్రూప్‌ఎక్స్‌టెండ్‌తో (అవసరమైన తోడు పీటీఎఫ్‌లనూ చేర్చే ఆప్షన్) అప్లై చెక్ (ఏమీ మార్చకుండా చేసే పరీక్ష) నడిపి, రిపోర్టు చదవాలి. ఎర్రర్ హోల్డ్ ఉన్న పీటీఎఫ్ లోపమున్నదని తేలినది కనుక దాన్ని బైపాస్ చేయకూడదు. సిస్టమ్ హోల్డ్‌లు వేరు. యాక్షన్, డాక్, ఐపీఎల్ వంటి కారణాలతో వచ్చే వీటిని బైపాస్ చేయక తప్పదు, కానీ ఒక్కొక్కదానిలో రాసినది చదివి, చేయాల్సిన పనిని పట్టికలో రాసుకున్న తర్వాతే. ప్రొఫైల్‌లో ఏదో మార్చాలన్న సూచన ఈ యాక్షన్ హోల్డ్‌లోనే దాగి ఉంటుంది, చదవకుండా దాటేస్తే అది ఐపీఎల్ తర్వాత సమస్యగా తిరిగొస్తుంది. ఇప్పటికే ఎక్కించిన పీటీఎఫ్‌లలో తర్వాత లోపం బయటపడినవాటిని రిపోర్ట్ ఎర్‌సిస్‌మాడ్స్ చూపిస్తుంది, అవసరమై ఇంకా ఎక్కించని వర్గాల సవరణలను రిపోర్ట్ మిస్సింగ్‌ఫిక్స్ చూపిస్తుంది.

జెడ్/ఓఎస్ వెర్షన్‌నే మార్చేటప్పుడు కొత్త వెర్షన్‌తో కలిసి మనగలిగేలా పాత సిస్టమ్‌పై ముందుగా కోఎగ్జిస్టెన్స్ వర్గపు పీటీఎఫ్‌లు ఎక్కించాలి, జెడ్/ఓఎస్‌ఎంఎఫ్‌లోని (బ్రౌజర్‌లో వాడే నిర్వహణ సాధనం) అప్‌గ్రేడ్ వర్క్‌ఫ్లోను ఒక్కో అడుగుగా పూర్తి చేయాలి. తీసేసిన సౌకర్యాల జాబితాను ప్రత్యేకంగా చూడాలి: 2017లో వచ్చిన 2.3 వెర్షన్‌లో పాత మెయిల్ ప్రోగ్రాంలైన ఎస్‌ఎంటీపీడీ, సెండ్‌మెయిల్ రెండూ లేవు, మెయిల్ పంపే జాబ్‌లున్నవారు ముందే సీఎస్‌ఎస్‌ఎంటీపీకి మారాల్సి వచ్చింది. అప్‌గ్రేడ్‌కు ముందు రోజు నెట్‌స్టాట్ నుంచి హోమ్, రౌట్, కాన్ఫిగ్, డెవ్‌లింక్స్ రిపోర్టులను, వినే స్థితిలో ఉన్న పోర్టుల జాబితాను ఒక డేటాసెట్‌లో భద్రపరచాలి. కొత్త వాల్యూమ్ నుంచి ఐపీఎల్ అయ్యాక అవే రిపోర్టులు మళ్లీ తీసి సూపర్‌సీ అనే పోలిక ప్రోగ్రాంతో పోల్చి, కనిపించిన ప్రతి తేడాకూ కారణం రాసుకున్న తర్వాతే సిస్టమ్‌ను వాడుకదారులకు అప్పగించాలి.